ఒక నది వెంట

ఫిబ్రవరి 2, 2025

వేసవి సెలవులకి వియత్నాం వెళ్దామని ఇంట్లో అందరం ఒప్పుకున్నాం. ఎక్కడెక్కడికి అన్నదే తేలలేదు. ట్రావెల్స్ వాళ్ళు పంపిన ప్యాకేజీ టేబులు మీద ఉంది: హనోయి, హా లాంగ్ బే, సాపా, దనాంగ్, బా నా హిల్స్, హోయి ఆన్, సైగాన్, కూ చీ సొరంగాలు. వారంలో దేశం ఈ కొస నుంచి ఆ కొసకి. హనోయికీ సైగాన్‌కీ మధ్య రైలు దారే 1,726 కిలోమీటర్లు. వందల ఏళ్ళ రేవు పట్నం హోయి ఆన్‌కి ఇచ్చింది ఒక్క సాయంత్రం. భోజనం, లాంతర్ల పడవ అన్నీ అందులోనే. పాత ఊరు చూడటమంటే ఇది కాదని నా గట్టి అభిప్రాయం. అయితే దేన్ని ఉంచాలో, దేన్ని తీసెయ్యాలో తేల్చుకోవడానికి ఏదో ఒక ఆధారం కావాలి.

ఫిబ్రవరి 6

ఒక ఊరు ఎందుకు మిగిలింది, ఎందుకు పోయింది అని అడుగుతూ పోతే ఎంపిక సులువవుతుందనిపిస్తోంది.

హోయి ఆన్ మిగలడానికి కారణం నది మేట. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో జపాను, చైనా, పోర్చుగీసు, డచ్చి ఓడలు అక్కడ లంగరు వేసేవి. తర్వాత్తర్వాత థూ బోన్ నది పూడుకుపోయి పెద్ద ఓడలు లోపలికి రాలేకపోయాయి. ఫ్రెంచివాళ్ళ కాలానికి వర్తకం దనాంగ్‌కి తరలింది. ఊళ్ళో డబ్బు ఆడటం మానేసింది కాబట్టి పాత ఇళ్ళు పడగొట్టి కొత్తవి కట్టిన వాళ్ళు లేరు. 1999లో యునెస్కో జాబితాలో చేరింది. మన బందరు కూడా డచ్చివాళ్ళు ఉండి వెళ్ళిన రేవే, మేట వేసిన రేవే. కానీ బందరుకి 1864 ఉప్పెన వచ్చింది.

హుయే కథ వేరు. 1802 నుంచి 1945 దాకా న్గుయెన్ రాజుల రాజధాని. రాజధాని కావడమే దాని పాలిట శాపమైంది. 1947లో తగలబడింది. 1968 టెట్ దాడిలో వారాల తరబడి కోట లోపలే పోరాడారు. అంతఃపురంలో మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. వియత్నాంలో యునెస్కో గుర్తింపు మొదట దక్కింది దానికే, 1993లో. ఇప్పుడు పోయినవాటిని ఒక్కొక్కటీ తిరిగి కడుతున్నారు. కొత్తగా కట్టిన పాత భవనాన్ని చూడటానికి అంత దూరం వెళ్ళాలా అని ఈయన అడిగారు. నాకూ ఇంకా జవాబు తట్టలేదు.

ఫిబ్రవరి 9

"అమ్మాయ్, అక్కడ మనం తినగలిగింది ఏమన్నా ఉంటుందా? లేకపోతే నన్ను చెల్లెలి దగ్గర దించేసి మీరు వెళ్ళిరండి" అన్నారు అత్తయ్యగారు.

కూర్చుని వెతికాను. అక్కడి బౌద్ధులు చాలామంది చాంద్రమాసంలో మొదటి రోజు, పదిహేనో రోజు మాంసం ముట్టరు. శాకాహార వంటకి హుయే పెట్టింది పేరు. 'చాయ్' అని బోర్డున్న హోటల్లో చేపల సాస్ కూడా వాడరు. మామూలు హోటల్లో అయితే కూరగాయల వేపుడులోనూ అది పడుతుంది. ఈ సంగతి చదివి వినిపించాను.

"అయితే ఆ హుయేలోనే ఓ రోజు ఎక్కువుందాం."

హుయే ఖాయం.

ఫిబ్రవరి 16

పల్లెటూరు ఒకటైనా ఉండాలని పట్టుబట్టాను. అందరూ చెప్పే పేరు దువాంగ్ లామ్. హనోయికి పడమరగా యాభై కిలోమీటర్ల లోపు. ఎర్ర లాటరైటు రాళ్ళతో కట్టిన ఇళ్ళు, ఊరి ముందు మోంగ్ ఫూ ద్వారం, ఇంటింటి వాకిట్లో సోయా పులియబెట్టే జాడీలు. న్గో క్వియెన్, ఫుంగ్ హుంగ్ అనే ఇద్దరు పాలకులు పుట్టిన ఊరని చెప్పుకుంటారు. 2005లో ప్రభుత్వం జాతీయ వారసత్వ గ్రామంగా గుర్తించింది.

నన్ను ఆపింది తర్వాతి సంగతి. 2013లో ఆ ఊరి వాళ్ళలో కొందరు ఈ గుర్తింపు మాకొద్దు, వెనక్కి తీసుకోండని అర్జీ పెట్టుకున్నారు. పిల్లలకి పెళ్ళిళ్ళవుతాయి, గదులు చాలవు, మీద అంతస్తు వేసుకోనివ్వరు. ఇంటి కప్పు కారినా అనుమతి రావాలి. ఊరి ముఖద్వారం దగ్గర టిక్కెట్టు అమ్మిన డబ్బు తమ దాకా రాదు. వాళ్ళ మాటలో న్యాయం ఉంది. ఉమ్మడి ఇంట్లో పెరిగినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

అప్పటినుంచి ఏ ఊరి గురించి చదివినా మొదట చూసేది ఇదే: అక్కడ ఇంకా ఎవరు కాపురముంటున్నారు, వాళ్ళకి ఏం దక్కుతోంది.

మార్చి 2

మ్యాపు పరిచి కూర్చున్నాను. హోయి ఆన్ నుంచి థూ బోన్ వెంట వేలు పెట్టుకుని ఎగువకి వెళ్తే ముందు త్రా కియు తగిలింది, ఒకప్పటి చంపా దేశపు చామ్ రాజుల సింహపురం. ఇంకా పైకి వెళ్తే కొండల మధ్య మీ సన్, వాళ్ళ శివక్షేత్రం. కొండల్లో దేవుడు, మైదానంలో రాజధాని, సముద్రం దగ్గర రేవు. మూడూ ఒకే నది మీద, మొత్తం కలిపి ఒక పూట ప్రయాణం. దక్షిణంగా కొంచెం దిగితే దోంగ్ దువాంగ్. అది ఇంద్రపురం. 875లో రెండో ఇంద్రవర్మ అక్కడ పెద్ద బౌద్ధ విహారం కట్టించాడు.

ఈ ప్రాంతాన్నంతటినీ చరిత్రకారులు పిలిచే పేరు అమరావతి. చంపా దేశంలో అమరావతి, విజయ, కౌఠార, పాండురంగ అని సీమలుండేవి. గుంటూరు జిల్లాలో పుట్టినదాన్ని, ఈ పేరు చూసి పుస్తకం మూసి పక్కన పెట్టలేకపోయాను.

ఇంక నాకు దేశమంతా అక్కర్లేదు. ఈ నది చాలు. పైన హుయే ఒకటి, అత్తయ్యగారి కోసం.

మార్చి 4

దీనివల్ల పోయేవి: హా లాంగ్, సాపా, హనోయి, హనోయితో పాటు దువాంగ్ లామ్.

ఇవి వదులుకోవడం నాకు కష్టమనిపించలేదు. బావ్ త్రుక్ వదులుకోవడమే కష్టంగా ఉంది. ఫాన్ రాంగ్ దగ్గర చామ్ కుమ్మరుల ఊరు అది. అక్కడ చక్రం ఉండదు. మట్టిముద్దని దిమ్మ మీద పెట్టి ఆడమనిషే దాని చుట్టూ వెనక్కి నడుస్తూ కుండ తీస్తుంది. తల్లి దగ్గర కూతురు నేర్చుకునే పని. ఆరుబయట గడ్డి, కట్టెలు పేర్చి కాలుస్తారు. 2022లో యునెస్కో దీన్ని వెంటనే కాపాడుకోవాల్సిన విద్యల జాబితాలో పెట్టింది. మీ సన్ కట్టినవాళ్ళ వారసులు ఇప్పుడు ఎక్కువగా ఉన్నది ఆ వైపే. కానీ దనాంగ్ నుంచి అక్కడికి ఒక రోజు పోవడానికీ ఒక రోజు రావడానికీ సరి. అత్తయ్యగారి మోకాళ్ళతో అంత ప్రయాణం వద్దు.

మార్చి 9

తేదీలు. ఏప్రిల్ 30 వాళ్ళకి యుద్ధం ముగిసిన రోజు, మర్నాడు మే డే. ఈ ఏడు ఆ యుద్ధం ముగిసి 50 ఏళ్ళు. దేశమంతా రోడ్డు మీదే ఉంటుంది. అది దాటాకే బయల్దేరాలి. హోయి ఆన్‌లో ప్రతి చాంద్రమాసం పద్నాలుగో రాత్రి దీపాలార్పి లాంతర్లు వెలిగిస్తారు. అందరూ ఆ రాత్రికే చేరతారు కాబట్టి నేను ఆ రాత్రికి హుయే చేరేలా వేశాను. పైగా మర్నాడు వైశాఖ పౌర్ణమి, బుద్ధ జయంతి.

మార్చి 15

"అమ్మా, బా నా హిల్స్ లేకపోతే నేను ఫ్రెండ్స్‌కి ఏం చూపించను?" పాప ముఖం చిన్నబుచ్చుకుంది. రెండు రాతి చేతులు మోస్తున్నట్టుండే ఆ బంగారు వంతెన 2018లో కట్టింది. పక్కన ఫ్రెంచి పల్లె నమూనా కూడా ఉంది. నా దృష్టిలో దాని కోసం ఒక రోజు ఖర్చు పెట్టడం దండగ. పదిహేనేళ్ళ పిల్ల దృష్టి వేరు. చివరికి ఈయనే దారి చూపించారు: ఆ రోజు తండ్రీ కూతురూ కొండెక్కుతారు, నేను దోంగ్ దువాంగ్ వెళ్తాను. అత్తయ్యగారు హోటల్లో విశ్రాంతి తీసుకుంటారు.

ఇలా విడిపోవడం మంచిదే. నలుగురూ ఒకే రాయిని చూసి ఒకేలా సంతోషించాలని ఎక్కడుంది.

మార్చి 30

ఉగాది. అమరావతి వెళ్ళి అమరేశ్వరుడి దర్శనం చేసుకుని, స్తూపం దగ్గరికి నడిచాం. పచ్చిక కప్పిన గుండ్రటి దిబ్బ, చుట్టూ విరిగిన పలకలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టే రోజుల్లో ఈ దిబ్బ తవ్వి రాయి తీసుకెళ్ళారు, కొంత సున్నానికి కాల్చారు. కాలిన్ మెకంజీ 1797లో చూసి, 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. ఇప్పుడు మంచి శిల్పాలు చెన్నై ఎగ్మూరులోనూ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. ఉన్న ఊళ్ళో ఉన్నవి తక్కువ.

బయటి దేశంలో ఏమీ మిగలని చోటికి ఎందుకు వెళ్ళడం అని అడిగేవాళ్ళకి నేను ఈ దిబ్బనే చూపిస్తాను.

ఏప్రిల్ 6

ఇ-వీసాకి పెట్టాం, మనిషికి 25 డాలర్లు. చివరి జాబితా: సైగాన్‌లో ఒక్క పూట, హోయి ఆన్, మీ సన్, త్రా కియు, దోంగ్ దువాంగ్, హుయే. ట్రావెల్స్ అబ్బాయి ఫోన్లోనే నొచ్చుకున్నాడు. "మేడమ్, వియత్నాం వెళ్ళి హా లాంగ్ చూడకపోతే ఎలా?" బాబూ, హా లాంగ్ కొండలు ఎక్కడికీ పోవు అన్నాను.

మే 4, సైగాన్

విమానం దిగి నేరుగా చరిత్ర మ్యూజియానికి. ఈ ఊళ్ళో ఆగింది ఒక్క విగ్రహం కోసం: 1911లో దోంగ్ దువాంగ్‌లో దొరికిన కంచు బుద్ధుడు. ఎత్తు నాలుగడుగులు ఉంటుందేమో. కుడి భుజం మీద వస్త్రం లేదు. ఎడమ భుజం నుంచి దిగిన చీవరం మడతలు సన్నటి గీతల్లా వరసగా పాదాల దాకా జారాయి. రెండు చేతులూ ముందుకి చాచి ఉన్నాయి. ఎక్కడ పోతపోశారన్నదాని మీద పండితుల మధ్య ఏళ్ళ తరబడి వాదన ఉంది: మన అమరావతి అన్నవాళ్ళున్నారు, సింహళమన్నవాళ్ళున్నారు, చంపాలోనే అన్నవాళ్ళున్నారు. నేను ఆ చీవరం అంచు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. అత్తయ్యగారు చెప్పులు విడిచి దణ్ణం పెట్టారు. కాపలా అమ్మాయి ఏమీ అనలేదు.

మే 6, హోయి ఆన్

టిక్కెట్టు 1,20,000 డాంగ్‌లు, అయిదు చోట్లు చూడొచ్చు. దేన్ని చూడాలన్నది మళ్ళీ మనమే ఎంచుకోవాలి. టాన్ కీ ఇంటికి వెళ్ళాం. వీధివైపు దుకాణం, మధ్య ఆకాశం కనిపించే ముంగిలి, వెనక తలుపు నది వైపు. ఏడు తరాలుగా ఒకే కుటుంబం. హాల్లో స్తంభానికి రెండు వైపులా చీనీ పద్యం ఉంది. దగ్గరికి వెళ్ళి చూస్తే అక్షరాల్లో ప్రతి గీతా ముత్యపు చిప్ప పొదిగిన పక్షి. ఒకటి ఎగురుతోంది, ఒకటి వాలుతోంది, ఒకటి మెడ తిప్పింది. వెనక తలుపు పక్కన గోడ మీద వరద వచ్చిన ఏళ్ళు ఒకదాని కింద ఒకటి రాసి ఉన్నాయి. 1964 అన్నిటికన్నా పైన, ఈయన తలకన్నా చాలా ఎత్తున.

"ప్రతి ఏడూ అక్టోబరులో సామాను మోస్తాం" అంది ఆ ఇంటి పిల్ల ఇంగ్లీషులో. ఫుంగ్ హుంగ్ అనే మరో పాత ఇంట్లో అయితే సరుకు మేడ మీదికి లాగడానికి నేల చెక్కలోనే తలుపు ఉంది.

జపాను వంతెన మరమ్మతు చేసి నిరుడు ఆగస్టులో తెరిచారు. రంగు మరీ కొత్తగా ఉందని ఊరివాళ్ళే గోల చేశారట. నాలుగు వానాకాలాలు పడితే సర్దుకుంటుంది.

మే 7

పొద్దున్నే ఆరుకి వీధిలోకి. దుకాణాలు తెరవని ఆ గంటలోనే ఊరు ఊరివాళ్ళది. గడప ముందు నీళ్ళు చల్లుతున్నారు, ముసలాయన పిట్ట పంజరం బయట తగిలిస్తున్నాడు. తొమ్మిదికి బస్సులు దిగాయి. పాత ఇళ్ళ సొంతదారులు చాలామంది అద్దెకిచ్చి బయట కాపురముంటున్నారని హోటల్ ఆమె చెప్పింది. అద్దె బాగా వస్తుందట. దువాంగ్ లామ్ వాళ్ళది డబ్బు రాని బాధ. ఇక్కడ డబ్బు వస్తోంది, మనుషులు వెళ్ళిపోతున్నారు.

సాయంత్రం థాన్ హా, ఇదీ కుమ్మరుల ఊరే. ఇక్కడ చక్రం ఉంది, కానీ ఇద్దరు కావాలి. ఒకామె ఒంటికాలి మీద నిలబడి రెండో కాలితో చక్రాన్ని తన్నుతుంది, రెండో ఆమె కూర్చుని కుండ తీస్తుంది. అరచేతి మధ్యలో మట్టి ముద్ద పైకి లేచి, పెదవి విచ్చుకుని, నూలుపోగుతో తెగేదాకా నిమిషం పట్టలేదు. తన్నే ఆమె మాత్రం ఆగలేదు. ఆమెకి అత్తయ్యగారి వయసుంటుంది. అత్తయ్యగారు ఆమె మోకాలు వైపే చూస్తూ నిలబడ్డారు.

మే 8, మీ సన్

తెల్లారకుండా బయల్దేరాం. గేటు నుంచి బ్యాటరీ బండ్లున్నాయి, అత్తయ్యగారికి ఇబ్బంది కాలేదు. నాలుగో శతాబ్దం చివర భద్రవర్మ శివుడికి గుడి కట్టి భద్రేశ్వరుడని పేరు పెట్టాడు. మన చాళుక్య భీముడి పేరున సామర్లకోటలో భీమేశ్వరుడు వెలిసినట్టే. అప్పట్నుంచి పదమూడో శతాబ్దం దాకా కడుతూనే ఉన్నారు, డెబ్బైకి పైగా కట్టడాలు.

ఇటుకకీ ఇటుకకీ మధ్య గోరు దూరదు. సున్నం కనిపించదు. గోడ లేపాక దాని మీదే శిల్పం చెక్కారు, కాబట్టి ఒక ముఖం నాలుగైదు ఇటుకల మీదుగా సాగుతుంది. చెట్టు బంక వాడారంటారు, ఇంకా తేలలేదు. బాగుచేసిన చోట కొత్త ఇటుకల మీద ఉప్పు తెల్లగా పేరుకుంది, పాత ఇటుక మీద లేదు.

1969 ఆగస్టులో అమెరికా బి-52లు ఈ లోయ మీద బాంబులు వేశాయి. అన్నిటికన్నా ఎత్తైన గోపురం కూలిపోయింది. పారిస్ గిమే మ్యూజియం పండితుడు ఫిలిప్ స్టెర్న్ నిక్సన్‌కి నిరసన లేఖ రాశాడు. 1981 నుంచి పోలండు వాస్తుశిల్పి కజిమీర్ క్వియత్కోవ్‌స్కీ ఇక్కడే ఉండి రాళ్ళు ఏరి నిలబెట్టాడు. ముందు మందుపాతరలు తీయాల్సి వచ్చింది. హోయి ఆన్‌ని కాపాడాలని పట్టుబట్టినవాళ్ళలోనూ ఆయనే ముందు. 1997లో హుయేలో పని చేస్తూనే పోయాడు. హోయి ఆన్‌లో ఆయన విగ్రహం ఉంది. మన పురావస్తు శాఖ వాళ్ళు ఈ మధ్య కొన్ని గుళ్ళు బాగుచేశారు. 2020లో వాళ్ళ తవ్వకంలోనే తొమ్మిదో శతాబ్దపు ఏకశిలా లింగం బయటపడింది. అత్తయ్యగారు అక్కడ కూడా చెప్పులు విడిచారు.

మే 9, దోంగ్ దువాంగ్

ఒక్క గోడ. ద్వారం తాలూకు ఇటుక కట్టడం, పడిపోకుండా ఇనప కడ్డీలతో ఊతం పెట్టారు. కిలోమీటరు పైన పొడవున్న విహారంలో నేల మీద నిలబడి ఉన్నది అదే. యుద్ధంలో మిగతాది పోయింది. యుద్ధం తర్వాత ఊరివాళ్ళు ఇళ్ళకోసం ఇటుక తవ్వుకున్నారు. 1978లో అలా తవ్వుతుంటేనే నాలుగడుగుల కంచు తార బయటపడింది. అది ఇప్పుడు దనాంగ్ చామ్ మ్యూజియంలో ఉంది, మొన్నే చూసి వచ్చాం.

పక్క ఇంటావిడ మంచినీళ్ళిచ్చింది. వాళ్ళ బావి గట్టులో పెద్ద పెద్ద ఎర్ర ఇటుకలున్నాయి. వాటిని చూస్తున్నానని గమనించి, గోడ వైపు చెయ్యి చూపించి తలూపింది. నాకు కోపం రాలేదు. అమరావతి చుట్టుపక్కల ఎన్ని గడపల్లో స్తూపం రాళ్ళున్నాయో ఎవరు చెప్పగలరు.

ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు ఇదే.

మే 12, హుయే

పౌర్ణమి. పరిమళ నది మీద ఏడు పెద్ద తామర పూల దీపాలు తేలుతున్నాయి. ఏ సందులో చూసినా చాయ్ హోటళ్ళు కిటకిట. అత్తయ్యగారు పనస ముక్కల కూర రెండోసారి అడిగి వేయించుకున్నారు.

మధ్యాహ్నం కియెన్ ట్రుంగ్ భవనం చూశాం. 1947లో పోయింది, తిరిగి కట్టి 2024లో తెరిచారు. పింగాణీ ముక్కలు పొదిగిన గోడలు మెరిసిపోతున్నాయి. బడి పిల్లలు గుంపులుగా వచ్చి మెట్ల మీద ఫోటోలు దిగుతున్నారు. ఈయన అడిగిన ప్రశ్నకి నా జవాబు: చూడాలి. పక్కనే పునాదులు మాత్రమే మిగిలిన గడ్డి నేలని కూడా చూడాలి. రెండూ కలిపితేనే హుయే.

ఇటు రావాలనుకునేవాళ్ళకి రాసిపెడుతున్నాను. ముందు దనాంగ్‌లో చామ్ మ్యూజియం, తర్వాత మీ సన్, ఆ తర్వాతే దోంగ్ దువాంగ్. ఈ వరస మార్చకండి. హోయి ఆన్‌లో కనీసం మూడు రాత్రులు పడుకోండి, తెల్లవారి వీధిలో నడవండి. థాన్ హాలో కుండ ఒకటైనా కొనండి, బేరం వద్దు. అక్టోబరు, నవంబరుల్లో మాత్రం ప్రయాణం పెట్టుకోకండి. థూ బోన్‌కి వరదలు ఎక్కువగా వచ్చేది ఆ రెండు నెలల్లోనే.